నాలుగు గళ్ల లెక్క

నేను షోలాపూరులో బ్యాంకు ఉద్యోగిని, చదివింది కామర్సు. లెక్క కుదరకపోతే మనిషిని నిందించే ముందు రాయని పద్దు కోసం వెతకడం మా అలవాటు. రక్తం గ్రూపుల చరిత్ర కూడా అదే చెబుతోంది.

మెండెల్ బఠానీ మొక్కల్లో కనిపెట్టిన సూత్రాన్ని పన్నెట్ గళ్లు గీసి చూపాడు. 1924లో బెర్న్‌స్టెయిన్ రక్తం గ్రూపుల వారసత్వాన్నీ ఆ లెక్కలోకి తెచ్చాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఓ అయితే బిడ్డ కూడా ఓ. బిడ్డ బి అయితే? లోకం వేలెత్తేది తల్లి వైపే.

1952లో మా బొంబాయిలో డాక్టర్ భెండే బృందం ఒక వింత రక్తాన్ని గుర్తించింది. 1955లో అమెరికాలో లెవీన్ బృందం, ఓగా కనిపించిన ఒక తల్లి బిడ్డకు బి జన్యువునిచ్చిందని తేల్చింది. ఎ, బి పదార్థాలకు హెచ్ అనేది పునాది. ఆ లోపం తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉంటే, నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు పునాదే ఉండదు. లోపల బి ఉన్నా పరీక్షలో ఓ అనే తేలుతుంది. అదే బాంబే గ్రూపు. వీరికి ఓ రక్తం కూడా పడదు.

మేనరికాల్లో ఇలాంటి లోపాలు జతకూడే అవకాశం ఎక్కువ. మేనరికం మన ఇళ్లకు కొత్త కాదు. గళ్ల లెక్క తప్పు కాదు, ఒక పద్దు కనబడలేదంతే. అది చూడకుండా ఏ ఇల్లాలి మీదా తీర్పు చెప్పకూడదు.