ఉపదేశి

‘ఉపదేశి’ సంస్కృతం నుంచి వచ్చిన మాట. ‘ఉప’ అంటే దగ్గర, ‘దిశ్’ అంటే చూపడం. మంత్రోపదేశానికీ మూలం ఇదే. తెలుగు కతోలికులు దీన్ని గురుపట్టం లేని బోధకుడికి స్థిరపరిచారు; ప్రొటెస్టెంట్లూ వాడతారు. ఉదాహరణకు, మార్కాపురం, గిద్దలూరు వైపు బాప్టిస్టు మిషన్ పాతది కాబట్టి, అక్కడ ఏ సంఘం ఉపదేశి అన్నది సందర్భాన్ని బట్టే తెలియాలి. కతోలిక పల్లెలో ఫాదర్ రాని ఆదివారం ప్రార్థన నడిపేది ఈయనే. జ్ఞానస్నానం కోరినవారికి సిలువ గుర్తు వేసుకోవడం, పరలోక జపం, మంగళవార్త జపం నేర్పుతాడు. జబ్బుపడిన ఇంటికి వెళ్లి పలకరిస్తాడు. కొత్తవారికి విశ్వాసం పరిచయమయ్యేది చాలావరకు ఇలాంటి పలకరింపుల్లోనే. బిరుదు చిన్నది, చాకిరీ పెద్దది. 2021 మేలో ఫ్రాన్సిస్ పాపుగారు ఈ సేవను స్త్రీ పురుషులిద్దరికీ అధికారిక పరిచర్యగా ప్రకటించారు.