అద్దె గేటు నుంచి సొంత గడప దాకా

టులెట్ బోర్డు చూసి గేటు తీస్తే అద్దె సంగతి కంటే ముందు 'మీరేమిట్లు?' అన్న ప్రశ్నొస్తుంది. మా ఇళ్లల్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మేము. చదువుతో పోని ఈ ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉంది.

కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చిన అంబేద్కర్‌కి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగం దొరికింది గానీ ఇల్లు దొరకలేదు. పార్శీ పేరు చెప్పుకుని పార్శీల సత్రంలో తలదాచుకున్నారు. పదకొండో రోజు కర్రలతో వచ్చి ఖాళీ చేయమన్నారు. హిందూ మిత్రుడూ, క్రైస్తవ మిత్రుడూ చోటివ్వలేదు. బొంబాయి తిరిగెళ్లక తప్పలేదు. అక్కడ పరేల్‌లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు చాల్ గదుల్లో ఏళ్ల తరబడి కాపురం. 1930లలో గానీ దాదర్‌లో 'రాజగృహ' అనే సొంతిల్లు అమరలేదు.

ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోవడాన్ని, కొనుక్కోవడాన్ని, అందులో ఉండడాన్ని అంటరానితనం కారణంగా అడ్డుకోవడం నేరమని 1955 నాటి చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది. 1976లో దాని పేరు పౌరహక్కుల రక్షణ చట్టంగా మారింది. కానీ ఇల్లివ్వనోడు కులం పేరెత్తుతాడా? 'వేరేవాళ్లకి మాటిచ్చేశాం' అంటాడు. కేసు గేటు దగ్గరే ఆగిపోతుంది.

అందుకే మనోళ్లు పిఎఫ్ లోను తీసి, ఆడోళ్ల బంగారం కుదువబెట్టి సొంతిల్లు కొంటున్నారు. దీన్ని మధ్యతరగతి మోజని కొట్టిపారేసే మిత్రులు ఆ గేటు దగ్గర ఒకసారి నిలబడి చూడాలి. అయితే కొన్నోడు ఒక్కడే ఆ ప్రశ్న తప్పించుకుంటాడు. కొనలేని మన విద్యార్థి ముందు అదట్లాగే ఉంటుంది. ఆ సెక్షన్‌ని పుస్తకంలోంచి వీధిలోకి తేవడం, ఇల్లున్నోళ్లతో సహా మనందరి పని.