రుమాలు మడతల చరిత్రము

క్రీ. శ. 1669వ సంవత్సరము జనవరి మాసమున లండను నగరములో సామ్యుయెల్ పీప్సు అను నౌకాశాఖోద్యోగి తన యింట మఱునాఁడు జరుగవలసిన విందునకు సన్నాహములు చేయించుచుండెను. ఇంటికి వచ్చి చూడఁగా నొక మనుష్యుఁడు భోజనపు రుమాళ్ళను నానావిధములైన యాకారములుగా మడచుచుండెను. అది వాని వృత్తియనియు, దానివలన వానికి మంచి రాబడి కలదనియు పీప్సు తెలిసికొని, ఇట్టి వృత్తి యొకటి యుండునని తాను తలంపనేలేదని దినచర్యలో వ్రాసికొనెను. ఈ విద్యను తన భార్యకు నేర్పించుటకై నలువది షిల్లింగుల నిచ్చుటకు నిశ్చయించుకొన్నట్లు ఆ దినచర్యలోనే మఱియొకచోటఁ గలదు. నలువది షిల్లింగులనఁగా రెండు పౌనులు. ఆ కాలమున నది స్వల్పధనము కాదు. గుడ్డ యింటిలోనిదే, మడచు చేతులును ఇంటివారివే. మఱి యీ సొమ్మెందులకు? మడత తెలిసినవాఁడు చెప్పినఁ గాని అది తెలియకపోవుటచేతనే.

ఈ విద్య యిటలీ దేశపు ప్రభువుల యిండ్లలోఁ బెరిగినది. విందుబల్ల నడుమ నేదైన నొక వింత నిలుపుట వారికిఁ బరిపాటి. అందులకు చక్కెరబొమ్మలు వాడుకలో నుండెను. 1574లో ఫ్రాన్సు రాజగు మూఁడవ హెన్రీ వెనీసు నగరమునకు వచ్చినప్పుడు ఒక విందులో పళ్ళెరములు, రుమాళ్ళు సైతము చక్కెరతోనే చేసి యుంచిరనియు, రాజు రుమాలు చేతఁ బట్టఁగానే అది విఱిగినదనియు చెప్పుదురు. ముచ్చటగానే యున్నది, కాని చక్కెర మిక్కిలి ప్రియమైన యా దినములలో నొక్కపూట వినోదమునకైన వ్యయమును తలంచినచో మాకు ముచ్చట తీరిపోవును. నారగుడ్డతోఁ జేసిన బొమ్మ యట్టిది కాదు. విప్పి యుదికినచో నది మరల గుడ్డయే.

1629లో మత్తియా గీగర్ అను బవేరియావాఁడు పాదువా నగరమున మూఁడు ప్రకరణముల గ్రంథము నొకదానిని ప్రకటించెను. ఒకటి గుడ్డలు మడచుటను గూర్చి, ఒకటి వడ్డన వ్యవహారము చూచు నధికారిని గూర్చి, ఒకటి మాంసము కోయుటను గూర్చి. మడతల ప్రకరణములోని ముఖ్యసారమంతయు చిత్రపటములలోనే యున్నది. ఓడలు, పక్షులు, మృగములు అందుఁ గానవచ్చును. వీనికెల్ల మూలము సన్నని కుచ్చెళ్ళు. కుచ్చెళ్ళు పోసిన గుడ్డను చేపముల్లువలె ఏటవాలుగా మరల మడచినచో నది వంచినట్లు వంగును, నిలిపినట్లు నిలుచును. చీర కుచ్చెళ్ళు పోయు చేతులకు ఇందులో సగము పని చెప్పకయే తెలియును. తరువాత నురెంబర్గు నగరపు కవి హార్స్‌డోర్ఫర్ జర్మను భాషలో నీ విషయమును తన గ్రంథమునఁ జేర్చెను.

దీనికి విరుద్ధమైన మార్గమొకటి వియన్నా రాజాస్థానమునఁ గానవచ్చును. చక్రవర్తి విందులలో రుమాలు మడచు విధమును రహస్యముగా నుంచి, ఒకరినుండి మఱియొకరికి నోటిమాటగా మాత్రమే యందించుచు వచ్చిరి. గుడ్డ మడతకు రహస్యమేమని చదువరులు నవ్వవచ్చును. కాని మన దేశమునను ఎన్ని విద్యలు ఈ విధముగనే కొన్ని కుటుంబముల గడప దాఁటక నశించినవో తలంచినచో నవ్వు రాదు.

పందొమ్మిదవ శతాబ్దమున నింగ్లండులో ఈ విద్య సామాన్య గృహములకు దిగివచ్చినది. 1861లో వెలువడిన బీటన్ దొరసానిగారి గృహనిర్వహణ గ్రంథము యొక్క తరువాతి ముద్రణములలో బిషప్పు కిరీటము, విసనకఱ్ఱ మున్నగు మడతలు పటములతోఁ జూపఁబడినవి. పీప్సు రెండు పౌనులకుఁ గొనఁదలఁచిన విద్య పుస్తకములో నొక పుట యయ్యెను. అయినను ఒకమాట దాఁచరాదు: దొరసాని పుస్తకము చదువఁగా, గంజి పెట్టి యిస్తిరి చేసి మడచిన చేతులు పెక్కిండ్లలో పనికత్తెవే. ఆమె పేరు ఏ పుటయందును లేదు.

మన పంక్తిభోజనములలో విస్తరి చుట్టును పిండితో ముగ్గు వేయు నాచారము కలదు. దానికయ్యెడి వ్యయము పిడికెడు పిండి. నేఁడు బల్లలపై భుజించు నిండ్లలో పండుగనాఁడు అంగడి కాగితపుఁబూలు, ప్లాస్టిక్ తోరణములు కొని, మఱునాఁడు పాఱవేయుట చూచుచున్నాము. వారికై విసనకఱ్ఱ మడతను చెప్పెదము. మూరెడు చతురస్రపు గుడ్డను గట్టి గంజిలో ముంచి యాఱఁబెట్టి, కొంచెము తడి యుండఁగనే యిస్తిరి చేయవలెను. ఒక యంచునుండి రెండవ యంచు వఱకు అంగుళము వెడల్పున కుచ్చెళ్ళు పోసి, వ్రేళ్ళతో నదిమి, ఆ పట్టెను నడుమకు మడచి, మడచిన కొనను గాజు లోటాలో దింపినచో పైభాగము విసనకఱ్ఱవలె విచ్చుకొనును.

మేము మొదటిసారి పాతపంచె తునుకతో నిది చేయఁగా నిమిషమైనఁ గాకమునుపే వాడిన తామరాకువలె వ్రాలిపోయెను. మా యింటివారు చూచి, గంజి చాలలేదనిరి. మఱునాఁడు వారే అన్నము వార్చిన చిక్కని గంజిలో ముంచి చేయఁగా భోజనము ముగియువఱకు నిలిచినది. పిల్లలు చేతులు తుడుచుకొనుటకు దానిని విప్ప నొల్లక, ఒకరి పంచెకొంగున నొకరు తుడుచుకొనిరి.