చెడుగాలి సిద్ధాంతం, మంచి కిటికీలు

ఢిల్లీలో రక్షణ ఖాతాల శాఖలో పనిచేసినన్నాళ్ళూ నా బల్లమీదికి వచ్చే అంచనాల్లో నాకు బాగా నచ్చినవి ఏసీ, వెంటిలేషన్ పనులవి. నేను చదివింది బీకామ్. అయినా 1923లో ఏర్పడిన మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్ డిజైన్ ఇంజనీర్లు వేసే లెక్క నాకు ఖాతా పుస్తకంలాగే కనిపించేది. ఒకవైపు గదిలో చేరే వేడి: ఎండ, గోడలు, దీపాలు, యంత్రాలు, ఊరికే కూర్చున్న మనిషి ఒక్కొక్కరికి సుమారు 100 వాట్లు. రెండోవైపు బయటికి తోడాల్సిన వేడి. గంటకు 12,000 బీటీయూలైతే ఒక టన్ను. ఒక టన్ను ఐసు 24 గంటల్లో కరగడానికి పట్టే వేడి నుంచి వచ్చిందా పేరు. మే నెలలో ఢిల్లీ గాలి పొడిగా ఉంటుంది, కూలర్ చాలు. జులైలో తేమ నిండాక అదే కూలర్ చేతులెత్తేస్తుంది. ఈ లెక్కలో దిక్కులకూ ముహూర్తాలకూ పద్దు లేదు.

కానీ సైనిక భవనాలకు గాలి లెక్క మొదలైంది ఒక తప్పుడు సిద్ధాంతంతో. 1863లో బ్రిటిష్ రాయల్ కమిషన్, భారతదేశంలోని తెల్ల సైనికులు ఏటా వెయ్యికి 69 మంది చొప్పున చనిపోతున్నారని తేల్చింది. ఎక్కువమందిని చంపింది శత్రువు కాదు, రోగాలు. కారణం కుళ్ళిన నేల నుంచి లేచే చెడుగాలి అని అప్పటి పెద్దల నమ్మకం. మలేరియా అన్న మాటకే అర్థం చెడుగాలి. అందుకే ఎత్తైన కప్పులు, వెంటిలేటర్లు, మనిషికింత చోటు అని కొలతలు పెట్టారు. వాటితోపాటు కాలువలు, మంచినీళ్ళూ బాగుపడ్డాయి. మరణాలు తగ్గాయి. చూశారా, మా సిద్ధాంతం నిజమేనన్నారు!

కాదు. 1884లో కోఖ్ కలరా క్రిమిని కలకత్తాలో చూపించాడు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఒకటి నీళ్ళది, ఒకటి దోమది. గాలి నిర్దోషి.

జర్మనీలో పెట్టెన్‌కోఫర్ మాత్రం ఒప్పుకోలేదు. 1892లో కలరా క్రిములున్న ద్రవాన్ని తాగేసి బతికాడు. ఒక్క మనిషి బతికితే రుజువైపోతుందా? మన బాబాల భక్తుల వాదన కూడా ఇదే కదా! అయితే అదే మనిషి 1858లో, గదిలో బొగ్గుపులుసు వాయువు వెయ్యిలో ఒక వంతు దాటకూడదని చెప్పిన కొలతను ఇంజనీర్లు ఇవాళ్టికీ ప్రస్తావిస్తారు. కొలిచి చూస్తే నిలిచింది కాబట్టి.

కథ అక్కడితో అయిపోలేదు. చెడుగాలి సిద్ధాంతాన్ని ఓడించిన ఊపులో వైద్యరంగం గాలిని మరీ పక్కన పెట్టేసింది. 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలి ద్వారా సోకదని ప్రకటించింది. ఆధారాలు పోగయ్యాక 2021లో మాట మార్చుకుంది. ఈ మధ్యలో ఎన్ని గదుల కిటికీలు మూసి ఉన్నాయో!

వాస్తు ప్రకారం కిటికీ పెట్టాక ఇంట్లో హాయిగా ఉందని ఎవరైనా అంటే, హాయినిచ్చింది కిటికీ అని చెప్పండి. ఫలితం మంచిదైనంత మాత్రాన కారణం నిజం కాదు. అలాగే ఒక సిద్ధాంతం కూలిందని అది చెప్పిన ప్రతి మాటా అబద్ధం కాదు. ఏ పద్దుకాపద్దు విడిగా తనిఖీ చేయాల్సిందే.