చతురంగబలం: అద్దంకి – కొండవీటి సీమ శాసనాలలో సేనాంగాల విధులు

తెలుగు కావ్యాలలో రాజు దండయాత్రకు వెడలినప్పుడల్లా రథ, గజ, తురగ, పదాతులతో కూడిన చతురంగబలం కదలుతుంది. ధూళి సూర్యుని కప్పుతుంది, దిగ్గజాలు కుంగుతాయి. ఈ వర్ణన ప్రబంధ లక్షణాలలో ఒకటిగా స్థిరపడింది. అయితే దీనిని ఆధారంగా గ్రహించి మధ్యయుగాంధ్ర సైన్య నిర్మాణాన్ని చిత్రించడం ఎంతవరకు సమంజసమన్నది ఆలోచింపదగిన ప్రశ్న. నేటి గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలలోకి వచ్చే అద్దంకి – కొండవీటి సీమ శాసనాలను పరిశీలిస్తే సేనాంగాల మధ్య పని పంపకం కావ్యసూత్రానికి భిన్నంగా కనిపిస్తుంది.

నీతిశాస్త్రకారులు సైన్యాన్ని రెండు విధాలుగా విభజించారు. ఒకటి సాధనాన్ని బట్టి చేసిన విభాగం, అదే చతురంగం. రెండవది సైనికుడు ఎక్కడి నుండి వచ్చినాడన్న దానిని బట్టి చేసినది. మౌలం, భృతకం, శ్రేణి, మిత్రం, అమిత్రం, ఆటవికం అనే షడ్విధ బలాలు ఇందులోనివి. వంశపరంపరగా కొలిచేవారు మౌలబలం, జీతానికి కుదిరినవారు భృతకబలం, అడవి జాతులవారు ఆటవికబలం. కౌటిల్యుడు ప్రతి అంగానికీ విధిని నిర్దేశించాడు. కోటగోడలను, తలుపులను పగులగొట్టడం ఏనుగులకు, శత్రువును తరమడం, దారులు పరిశీలించడం గుర్రాలకు, అన్ని దేశకాలాలలోనూ ఆయుధం ధరించడం కాల్బలానికి అప్పగించాడు. ఈ నీతి సంప్రదాయం తెలుగులో బద్దెన రచన మొదలుకొని మడికి సింగన కూర్చిన సకలనీతిసమ్మతం వరకు కొనసాగింది. కావ్యకర్తలు మొదటి విభాగాన్ని స్వీకరించారు. శాసనకర్తలు ఎక్కువగా చెప్పినది రెండవదానికి చేరువైన విషయం.

ఇందుకు తొలి సాక్ష్యం అద్దంకిలోనే ఉన్నది. గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని శాసనం క్రీ.శ. 848–849 నాటిది. తరువోజ పద్యంతో కూడిన ఈ శాసనం తెలుగు ఛందశ్చరిత్రలో సుప్రసిద్ధం. సైనిక చరిత్ర దృష్టితో దీనిని చదివినవారు తక్కువ. ఇందులో ఏనుగుల ఘీంకారం లేదు, రథచక్రాల ధూళి లేదు. పట్టాభిషేకం జరిగిన తొలి ఏటనే రాజు సామంతుల సమూహంతో పండరంగని పంపడం, అతడు పన్నెండు బోయకొట్టాలను పట్టుకోవడం, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేయడం, కందుకూరును బెజవాడ అంతటి స్థావరంగా తీర్చడం మాత్రమే ఉన్నాయి. సామంతసేనను కూర్చడం, కోటలను సాధించడం, గెలిచిన చోట స్థావరం నిలపడం అనే మూడు పనులు ఒకే పద్యంలో క్రమంగా చెప్పబడ్డాయి. సేనాని బాధ్యత యుద్ధంతో ముగియలేదన్నది ఇందలి సారాంశం.

కాల్బలం స్థానాన్ని గ్రహించడానికి పల్నాటి గాథ తోడ్పడుతుంది. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న ద్విపద పల్నాటి వీరచరిత్రలోనూ, నేటికీ కారెంపూడిలో ఏటేటా జరిగే వీరుల ఉత్సవంలోనూ స్మరింపబడేవారు ప్రధానంగా ఆయుధపాణులైన వీరులు. బ్రహ్మనాయుని పక్షాన మాల కన్నమదాసు సేనానాయకత్వం వహించినట్లు గాథ చెబుతుంది. చతురంగ వర్ణనలో చివరగా, పేరు లేకుండా నిలిచే పదాతికి ఇక్కడ పేరు, కులం, గుడి, పూజ లభించాయి. గాథలోని ప్రతి వివరమూ చరిత్ర కాకపోవచ్చు. కానీ పోరు భారం ఎవరి భుజాలపై ఉన్నదని ఆ సీమ ప్రజలు భావించారో దానివలన స్పష్టమవుతుంది.

రెడ్డిరాజుల కాలంలో (1325–1424) దుర్గమే ప్రధాన సేనాంగమైంది. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రాజ్యం స్థాపించి 84 దుర్గాలను నిర్మించినట్లు, బాగుచేయించినట్లు ప్రతీతి. అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. చదునైన నల్లరేగడి నేల మధ్య లేచిన కొండల వరుస ఇందుకు అనువైనది. ఎండకాలంలో ఆ మైదానం గుర్రపుదండుకు రాచబాట. వానలు పడితే అదే నేల గిట్టను, బండిచక్రాన్ని దిగలాగే బురద. కనుక దుర్గరక్షకులు ఏడాది పొడవునా, అశ్వికులు ఋతువును బట్టి ఉపయోగపడే బలాలుగా ఉండి ఉంటారని ఊహింపవచ్చు.

తీరం వైపు బాధ్యత మరొక రకమైనది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఓడ పగిలిన వర్తకుల సరుకును రాజులు అపహరించే పూర్వాచారాన్ని విడిచి, సుంకం మాత్రమే గ్రహిస్తామని ప్రకటించింది. ప్రోలయ వేముని తమ్ముడు మల్లారెడ్డి మోటుపల్లిని జయించగా, 1358లో అనవోతారెడ్డి అక్కడి వర్తకులకు తిరిగి అభయమిచ్చాడు. ఈ రెండు శాసనాలలోనూ సముద్రంపై రాజధర్మం నౌకాయుద్ధంగా కాక, రేవు రక్షణగా, న్యాయమైన సుంకంగా రూపొందింది. రేవును గెలిచినది సేనాని ఖడ్గమే అయినా, దానిని నిలిపినది రాజు ఇచ్చిన మాట.

ఈ అంగాలన్నీ ఒక్కచోట పరీక్షకు నిలిచిన సందర్భం 1515 నాటి కొండవీటి ముట్టడి. 1514లో ఉదయగిరిని సాధించిన శ్రీకృష్ణదేవరాయలు అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం మొదలైన గిరిదుర్గాలను, స్థలదుర్గాలను గ్రహించిన పిదప కొండవీటిని ముట్టడించి ఆషాఢమాసంలో స్వాధీనం చేసుకొన్నట్లు శాసనాలు తెలుపుతున్నాయి. పట్టుబడినవారి పట్టిక మరింత విలువైనది. గజపతి కుమారుడు వీరభద్రునితో పాటు పాత్ర, మహాపాత్ర బిరుదాంకితులైన ఒడ్డె నాయకులు, మల్లూఖాను, ఉద్దండఖాను వంటివారు అందులో ఉన్నారు. వేర్వేరు ప్రాంతాల, మతాల నాయకులు ఒకే కోటను కాచారన్నమాట. షడ్విధ బలాల విభాగం శాస్త్రానికే పరిమితం కాదనడానికి ఇదొక నిదర్శనం.

విజయానంతర చర్య కూడా గమనింపదగినది. కొండవీటి పాలన తిమ్మరుసుకు, ఆపై అతని మేనల్లుళ్లు నాదెండ్ల అప్పనకు, గోపనకు దక్కింది. దుర్గాలను బ్రాహ్మణుల అధీనంలో ఉంచవలెనని ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగం చెబుతుంది. తరువాత రచించిన ఆ కావ్యంలోని సూత్రానికి కొండవీటిలో అప్పటికే ఆచరణ కనిపిస్తున్నది. ఇక్కడ కావ్యం సంప్రదాయ వర్ణన విడిచి అనుభవానికి చేరువైంది.

కనుక కావ్యాలను చారిత్రకాధారాలుగా త్రోసిపుచ్చనవసరం లేదు. వాటిలో దండయాత్రా వర్ణనను ఒకలాగా, రాజనీతి భాగాన్ని వేరొకలాగా చదవడం అవసరం. మొదటిది కవిసమయం, రెండవది పాలనానుభవం. చతురంగమనే మాట చాటున మరుగుపడిన సామంతుడు, కోటకాపరి, కాలిబంటు, రేవు అధికారి ఈ సీమ శాసనాలలో తిరిగి దర్శనమిస్తారు.