కట్టెపొయ్యిల పనితీరు పరీక్షలు

కట్టెపొయ్యి ఎంత వంటచెరకు తింటుంది, కట్టెలోని వేడిలో ఎంత భాగం గిన్నెకు చేరుతుంది, ఎంత పొగను, ఎంత విషవాయువును వదులుతుంది అన్న విషయాలను కొలిచే పద్ధతులను కట్టెపొయ్యిల పనితీరు పరీక్షలు అంటారు. ఇవి రెండు తావులలో జరుగుతాయి. ఒకటి ప్రయోగశాల, రెండవది నిజంగా వంట జరిగే ఇల్లు. ఒకే పొయ్యికి ఈ రెండు చోట్ల వచ్చే ఫలితాలు తరచుగా ఒకదానితో ఒకటి పొసగవు.

ఈ తేడా శాస్త్రజ్ఞులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఇంటిలోని వాయు కాలుష్యం కారణంగా 2020లో దాదాపు 32 లక్షల మంది అకాల మరణం పాలైనారు. ఏ పొయ్యి మంచిదో నిర్ణయించి ప్రభుత్వాలు ఊరూరా పంచేది, దాని పేరున కార్బన్ క్రెడిట్లు అమ్ముడయ్యేది ఈ పరీక్షల అంకెలను ఆధారం చేసుకొనియే.

చరిత్ర

భారతదేశంలో పొగలేని పొయ్యి కోసం ప్రయత్నాలు స్వాతంత్ర్యం వచ్చిన కాలానికే మొదలైనవి. వార్ధాలోని మగన్‌వాడీ నుండి 1947లో మగన్ చుల్హా వెలువడింది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్.పి. రాజు పొగగొట్టం గల మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో దానిపై ఒక చిన్న పుస్తకం కూడా ప్రచురించాడు. ఈ పొయ్యి ఆ పరిశోధనశాల ఆంగ్లనామపు పొడి అక్షరాలతో హెర్ల్ చుల్హాగా పేరుపొందింది. అప్పటి ఆశయం వంటగది నుండి పొగను బయటకు పంపడం.

1970 దశకంలో చమురు ధరలు పెరిగి, అడవుల నరికివేతపై ఆందోళన మొదలైన తరువాత దృష్టి కట్టెల పొదుపు వైపు మళ్ళింది. పొయ్యిలను పోల్చడానికి ఉమ్మడి కొలబద్ద కావలసి రావడంతో, వీటా అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో 1980 దశకపు తొలి సంవత్సరాలలో మూడు పరీక్షలు స్థిరపడినవి. అవి నీరు మరిగించే పరీక్ష, నియంత్రిత వంట పరీక్ష, వంటింటి పరీక్ష. నేటికీ వాడుకలో ఉన్న పద్ధతులలో చాలావరకు వీటి సంతతియే. దాదాపు అదే సమయంలో కిర్క్ స్మిత్, అతని సహచరులు గుజరాత్ గ్రామాలలో వంట చేస్తున్న స్త్రీలు పీల్చే పొగను కొలిచి 1983లో ప్రకటించారు. దానితో పొగ కూడా కొలవవలసిన విషయమని స్పష్టమైంది.

నీరు మరిగించే పరీక్ష

ఇది అన్నిటికంటె సులభమైనది, ఎక్కువగా వాడబడినది. తూచిన కట్టెలతో, సాధారణంగా 5 లీటర్ల నీటిని మొదట చల్లని పొయ్యి మీద, తరువాత వేడెక్కిన పొయ్యి మీద మరిగిస్తారు. పిదప 45 నిమిషాలు సన్నని సెగపై మరుగుకు కొంచెం దిగువన నిలుపుతారు. చివర మిగిలిన కట్టెను, బొగ్గును, నీటిని తూస్తారు. పొగను కొలవాలంటే పొయ్యిపైన పెద్ద గరాటు వంటి లోహపు తొడుగు అమర్చి, దానిలోనుండి గాలిని లాగి, మసిని ఫిల్టరు కాగితంపై పట్టి తూస్తారు.

ఉష్ణ సామర్థ్యం అంటే నీటికి చేరిన వేడిని కట్టె ఇచ్చిన వేడితో భాగించగా వచ్చే శాతం. వినడానికి తేలికే గాని, దేనిని "చేరిన వేడి"గా లెక్కించాలన్నదే చిక్కు. ఒక ఉదాహరణ. 25 డిగ్రీల నీరు 5 లీటర్లను 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 1,570 కిలోజౌళ్లు కావాలి. ఇందుకు కిలో కట్టె కాలిందని, దానిలో 16,000 కిలోజౌళ్లు ఉన్నవని అనుకుంటే సామర్థ్యం 10 శాతానికి కొంచెం తక్కువ. ఈలోగా అరకిలో నీరు ఆవిరైపోతే అందుకు మరో 1,130 కిలోజౌళ్లు పట్టినట్లు. ఆవిరిని కూడా ఉపయోగపడిన వేడిగానే జమకడితే సామర్థ్యం 17 శాతానికి పెరుగుతుంది. పొయ్యిలో 100 గ్రాముల బొగ్గు మిగిలి, అందులోని 2,900 కిలోజౌళ్లను "ఇంకా ఖర్చు కాలేదు" అని కట్టె లెక్క నుండి తీసివేస్తే 21 శాతానికి చేరువవుతుంది. మంట ఒకటే, నీరు ఒకటే, అంకెలు మాత్రం మూడు.

వండే మనిషి దృష్టిలో ఆవిరి లాభం కాదు. ఎసరు కుతకుతలాడినా, మెల్లగా కాగినా అన్నం ఉడికే సమయంలో పెద్ద తేడా ఉండదు కనుక, పైకి పోయిన ఆవిరి చాలావరకు వ్యర్థమైన కట్టెయే. బొగ్గు సంగతి ఇంటిని బట్టి ఉంటుంది. కొందరు నిప్పులను నీళ్ళతో ఆర్పి, బొగ్గులను కుంపటికో ఇస్త్రీ పెట్టెకో దాస్తారు. ఎక్కువ ఇళ్ళలో అది బూడిదగా మారి అంట్లు తోమడానికి పోతుంది.

దహనం, ఉష్ణప్రసారం

మొత్తం సామర్థ్యం రెండు భాగాల లబ్ధం. కట్టె ఎంత పూర్తిగా కాలుతుందన్నది దహన సామర్థ్యం. పుట్టిన వేడిలో గిన్నెకు ఎంత చేరుతుందన్నది ఉష్ణప్రసార సామర్థ్యం. బహిరంగ మంటలో కూడా కట్టెలోని శక్తిలో అధికభాగం వేడిగా మారుతుంది. పోయేదానిలో చాలాభాగం గిన్నెకు చేరకుండా పక్కల నుండి పోతుంది. అందుచేత కట్టె ఆదా చేయదలచినవారు గిన్నెను మంటకు దగ్గరగా దింపి, చుట్టూ సందు తగ్గిస్తారు. అయితే మంట పూర్తిగా కాలకముందే చల్లని గిన్నె అడుగును తాకితే, లేదా సందు మరీ ఇరుకై గాలి ఆడకపోతే, మసి, కార్బన్ మోనాక్సైడు పెరుగుతాయి. కట్టె తక్కువ తినే పొయ్యి పొగ కూడా తక్కువే విడుస్తుందనే నమ్మకం ఈ కారణంగానే పొరపాటు. రెండింటినీ వేరువేరుగా కొలవవలసిందే.

పరీక్షకు, ఇంటి వంటకు గల భేదాలు

ప్రయోగశాలలో కట్టె ఎండినది, ఒకే మందానికి చీల్చినది, ఒకే జాతి చెట్టుది. ఇంటిలో దొరికినదే కట్టె. తెలుగు గ్రామాలలో తుమ్మ, సర్కారు తుమ్మ, సరుగుడు కట్టెతో పాటు పత్తికట్టె, కందికంప, కొబ్బరిమట్టలు, పిడకలు కూడా పొయ్యిలోకి పోతాయి. తడిలో నాలుగోవంతు నీరున్న కిలో కట్టెను కాల్చితే, ఆ 250 గ్రాముల నీటిని ఆవిరి చేయడానికే సుమారు 640 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. ఈ నష్టం కంటె పెద్ద హాని మరొకటి ఉన్నది. మంట చల్లబడి, కట్టె నుండి వెలువడిన వాయువులు కాలకుండానే పొగగా లేస్తాయి.

పరీక్షకుడు పొయ్యి పక్కనే కూర్చొని పుల్లలను కొద్దికొద్దిగా ఎగదోస్తాడు. వంట చేసే మనిషికి అంత తీరిక ఉండదు. పెద్ద దుంగ దోపి, కూర తరగడానికో, పిల్లవానిని ఎత్తుకోవడానికో, పశువులకు నీళ్ళు పెట్టడానికో పోతుంది. మంట ఆరి పొగ కమ్మిన తరువాత వచ్చి ఊదుగొట్టంతో ఊదుతుంది. పొగలో అధికభాగం ఇటువంటి క్షణాలలోనే, అంటే పొయ్యి రాజేసేటప్పుడు, కొత్త కట్టె దోపినప్పుడు, మంట ఆరి రగులుతున్నప్పుడు పుడుతుంది. నిలకడగా మండే మంటను మాత్రమే కొలిచే పరీక్షలో ఇవి కనబడవు.

వంటలు కూడా నీటి వంటివి కావు. జొన్నరొట్టెకు పెనం అంతటా సమానమైన సెగ కావాలి, నీటిని మరిగించడంలో గెలిచిన పొయ్యి రొట్టెను నడుమ మాడ్చి అంచున పచ్చిగా వదలవచ్చు. సంకటి గెలికేటప్పుడు పాత్ర కదలకుండా నిలవాలి. కట్టె పట్టే నోరు చిన్నదైతే కట్టెలను సన్నగా చీల్చే అదనపు పని ఆడవారి మీద పడుతుంది. ఇవేవీ నచ్చకపోతే ఇంటివారు కొత్త పొయ్యిని కాఫీకి, పాలకు ఉంచుకొని అసలు వంటను పాత పొయ్యి మీదనే చేస్తారు. స్నానాల నీళ్ళపొయ్యి ఎటూ పెరటిలో వేరుగా మండుతూనే ఉంటుంది.

ఇంటిలో చేసే పరీక్షలు

నియంత్రిత వంట పరీక్షలో స్థానికురాలైన వంటమనిషి ఒకే వంటకాన్ని పాత పొయ్యి మీద, కొత్త పొయ్యి మీద వండుతుంది. నీటికి బదులు కిలో వండిన ఆహారానికి ఎంత కట్టె పట్టినదో లెక్కిస్తారు.

వంటింటి పరీక్ష ఇంకా నిజానికి దగ్గరది. ఇంటికి తూచిన కట్టెల మోపు ఇచ్చి, రోజూ అదే వేళకు పోయి మిగిలినది తూస్తూ, కనీసం మూడు నాలుగు రోజులు కొలుస్తారు. ఎవరేమి వండాలో చెప్పరు. పండుగ, పెళ్ళి ఉన్న రోజులను వదలివేస్తారు. భోజనం చేసినవారి సంఖ్యను "ప్రామాణిక వయోజనుల" లెక్కకు మారుస్తారు. పాత పట్టికలో 15 నుండి 59 ఏళ్ల పురుషుడు 1, వయసు వచ్చిన స్త్రీ 0.8, పిల్లలు 0.5. పొయ్యి ముందు కూర్చొనే మనిషి ఒక పూర్తి మనిషి కాకపోవడం ఈ పట్టికలోని విడ్డూరం.

ఇంటిలో పొగ మొత్తాన్ని పట్టి కొలవడం సాధ్యం కాదు గనుక కార్బన్ తుల్య పద్ధతిని వాడతారు. ఎండు కట్టె బరువులో సుమారు సగం కార్బన్. కాలిన కార్బన్ అంతా కార్బన్ డయాక్సైడుగా, మోనాక్సైడుగా, ఇతర వాయువులుగా, మసిగా బయటపడవలసిందే. పొయ్యిపై నుండి కొద్ది పొగను గొట్టంతో పీల్చి వీటి నిష్పత్తిని కొలిస్తే, కిలో కట్టెకు ఎంత మసి వచ్చినదో చెప్పవచ్చు.

2000 తరువాత చిన్న పరికరాలు ఈ పనిని సులభం చేసినవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్లీ పరిశోధకులు బజారులో దొరికే పొగ హెచ్చరిక గంటను మార్చి ధూళికణాల మాపకం తయారు చేశారు. పొయ్యికి అతికించిన బొత్తాము వంటి ఉష్ణమాపకం ఏ పొయ్యి ఏ గంటలో వెలిగిందో వారాల తరబడి నమోదు చేస్తుంది. దీని అవసరం ఉగాండాలో బాగా తెలిసివచ్చింది. పరిశీలకులు ఇంటికి వచ్చే రోజులలో కొత్త పొయ్యి వాడకం పెరిగి, మూడు రాళ్ళ పొయ్యి వాడకం తగ్గినట్లు, వారు పోగానే పాత పద్ధతికి మరలినట్లు ఈ మాపకాలు చూపినవి. అతిథి మర్యాద కూడా కొలతను మార్చగలదన్నమాట.

క్షేత్ర ఫలితాలు

హోండురాస్‌లో సాంప్రదాయిక పొయ్యిలు ఇళ్ళలో కిలో కట్టెకు వదిలిన ధూళి, ప్రయోగశాలలో వంటను అనుకరించి కొలిచినదానికి సుమారు మూడు రెట్లున్నట్లు 2009లో ప్రకటింపబడినది. అయితే ప్రయోగశాల ప్రతిసారీ కొత్త పొయ్యిని ఎక్కువగానే పొగడుతుందనుకోరాదు. మెక్సికోలోని మిచోవకాన్‌లో పత్సారి అనే ఇటుకపొయ్యి విషయంలో నీటి పరీక్ష అసలు లాభాన్ని పట్టుకోలేకపోయింది. వంటింటి పరీక్షలో మాత్రం కట్టె ఖర్చు సగటున 67 శాతం తగ్గినది. ఆ పొయ్యి కట్టినది మొక్కజొన్న రొట్టెలు కాల్చడానికి, నీరు కాచడానికి కాదు.

భారత ప్రభుత్వపు జాతీయ మెరుగైన చుల్హాల కార్యక్రమం 1983 నుండి 2002 వరకు నడిచి, సుమారు మూడున్నర కోట్ల పొయ్యిలను పంచినది. ఒడిషాలో హన్నా, డఫ్లో, గ్రీన్‌స్టోన్ నాలుగేళ్ళపాటు చేసిన అధ్యయనంలో పొగగొట్టపు మట్టిపొయ్యి వలన వంటచేసేవారు పీల్చే పొగ మొదటి ఏడాది తగ్గి, తరువాత ఆ ప్రయోజనం మాయమైంది. పొయ్యిలను సరిగా వాడకపోవడం, మరమ్మతు చేయకపోవడం కారణాలుగా తేలినవి. కర్ణాటకలోని కొప్పళ జిల్లాలో కార్బన్ నిధులకు ఆమోదం పొందిన పొయ్యిని ఇచ్చిన ఇళ్ళలో, ఇవ్వని ఇళ్ళతో పోల్చితే కట్టె వాడకంలో చెప్పుకోదగిన తేడా లేదని 2016లో తెలిసినది. మలావీలో 10 వేలకు పైగా పిల్లలపై జరిగిన పరిశీలనలో ఫ్యాను పొయ్యిలు న్యుమోనియాను తగ్గించలేదు.

చలి కాచుకొనే పొయ్యిలకూ ఇదే ఇబ్బంది ఉన్నది. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 1988లో తెచ్చిన పరీక్షలో డగ్లస్ ఫర్ పలకలను చట్రంగా పేర్చి కాల్చేవారు. ఇళ్ళలో కాలేవి చీల్చిన మొద్దులు. 2015 నిబంధనలలో మొద్దులతో పరీక్షించే వెసులుబాటు కల్పించారు. అయినా ఆ ధ్రువీకరణ విధానంలో లోపాలున్నవని ఆ సంస్థ తనిఖీ విభాగమే 2023లో నివేదించినది.

ప్రమాణాలు

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 13152 మొదట 1991లో వెలువడి, 2013లో సవరింపబడినది. దీని ప్రకారం సహజంగా గాలి ఆడే పొయ్యికి కనీసం 25 శాతం, ఫ్యాను గల పొయ్యికి 35 శాతం ఉష్ణ సామర్థ్యం ఉండాలి. గిన్నెకు చేరిన ఒక్కొక్క మెగాజౌలుకు కార్బన్ మోనాక్సైడు 5 గ్రాములు మించరాదు. ధూళి మొదటి రకానికి 350, రెండవ రకానికి 150 మిల్లీగ్రాములు దాటరాదు. ఇవన్నీ ప్రయోగశాల అంకెలే.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2018లో ప్రయోగశాల పద్ధతిని, 2019లో క్షేత్ర పరీక్షల పద్ధతిని విడివిడిగా ప్రకటించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 మార్గదర్శకాలు మరొక వైపు నుండి లెక్కవేసినవి. గదిలోని గాలి పీల్చదగినదిగా ఉండాలంటే పొగగొట్టం లేని పొయ్యి నిమిషానికి 0.23 మిల్లీగ్రాముల సూక్ష్మధూళిని మించి వదలరాదు, గొట్టం ఉంటే 0.80. ఈ హద్దును కట్టెపొయ్యిలు అందుకోవడం చాలా కష్టం. ప్రభుత్వాలు వంటగ్యాసు వైపు మొగ్గడానికి ఇది ఒక కారణం.

తెలుగు నేలపై కొలతలు

అవిభక్త ఆంధ్ర ప్రదేశ్‌లోని మూడు జిల్లాల గ్రామాలలో 412 ఇళ్ళ గాలిని కొలిచిన అధ్యయనం 2004లో ప్రచురితమైంది. ఇందులో పొయ్యిని గాక, దాని చుట్టూ మనుషులు పీల్చే గాలిని 24 గంటల సగటుగా లెక్కించారు. ఘనపు మీటరు గాలిలో శ్వాసలోకి పోయే ధూళి, గ్యాసు వాడే ఇళ్ళలో 73 మైక్రోగ్రాములు, కట్టె, పిడకలు మొదలైన ఘన ఇంధనాలు వాడే ఇళ్ళలో 732 మైక్రోగ్రాముల వరకు ఉన్నది. ఎవరు ఏ వేళ ఎక్కడ ఉన్నారో 1,400 మందిని అడిగి, ఒక్కొక్కరు పీల్చిన పొగను విడిగా అంచనా కట్టారు.

కార్బన్ క్రెడిట్లు

పొయ్యి పంచిన సంస్థ, మిగిలిన కట్టెకు తగినంత కార్బన్ డయాక్సైడు గాలిలో కలవకుండా ఆపినట్లు లెక్కచూపి క్రెడిట్లు అమ్ముతుంది. ఆ లెక్కలో పొయ్యి సామర్థ్యం, ఎన్ని ఇళ్ళు దానిని నిజంగా వాడుతున్నవి, పాత పొయ్యి ఎంత తరచుగా వెలుగుతున్నది అన్నవి కీలకం. నేచర్ సస్టైనబిలిటీ పత్రికలో 2024లో వెలువడిన పరిశీలన, తాము ఎంచుకొన్న పథకాలు నిజమైన తగ్గింపుకు సుమారు 9 రెట్లు క్రెడిట్లు పొందినట్లు అంచనా వేసినది. ఇంధన వాడకాన్ని నేరుగా కొలిచి లెక్కచూపే పద్ధతిలో ఈ అతిశయం మిగిలిన వాటికంటె తక్కువగా కనబడినది.