పది సెంట్ల పాట

రంగస్థలముపై పుట్టిన పాటలకు సాధారణముగ ఆయుర్దాయము స్వల్పము. అందును ‘రెవ్యూ’ పాటల మాట చెప్పనక్కరలేదు. రెవ్యూ అనగా ఒకే కథతో నడచు నాటకము కాదు. పాటలు, నృత్యములు, హాస్యఘట్టములు దండగ్రుచ్చినట్లు కూర్చిన వినోద ప్రదర్శన. నాటి లోకవార్తలే తఱచుగ దానికి ముడిసరుకు. వార్తలు పాతబడగానే ప్రదర్శనయు మఱుగున పడును. అట్టి ప్రదర్శనలో పుట్టియు దానిని మించి బ్రతికిన అమెరికను పాట ‘బ్రదర్, కెన్ యూ స్పేర్ ఎ డైమ్?’ డైమ్ అనగా పది సెంట్ల నాణెము. ‘అన్నా, ఒక పది సెంట్లు ఇప్పించగలవా?’ అని భావము.

1932 అక్టోబరులో, న్యూయార్కులో, ‘అమెరికానా’ అను రెవ్యూలో ఈ పాట తొలుత వినబడినది. 1929లో వాటాల ధరలు కూలిన పిమ్మట దేశమును క్రమ్మిన ఆర్థిక మాంద్యము అప్పటికి మిక్కిలి ముదిరినది. పనిచేయగలవారిలో ఇంచుమించు నలుగురికి ఒకరు నిరుద్యోగి. రొట్టె కొఱకు బారులు తీరిన జనము నగరవీధులలో నిత్యదృశ్యము. ఆ వేసవిలోనే, మొదటి ప్రపంచయుద్ధమున పోరాడిన సైనికులు తమ బోనసు కొఱకు వాషింగ్టను చేరగా, జులై 28న సైన్యమే వారిని తఱిమివేసినది.

పాట వ్రాసిన యిప్ హార్బర్గ్ న్యూయార్కు పేదవాడలో పుట్టినవాడు. మాంద్యములో విద్యుత్పరికరముల వ్యాపారము దివాలా తీయగా, గీతరచననే బ్రతుకుతెరువుగ చేసికొన్నాడు. బాణీ కట్టిన జే గోర్నీ బాల్యమున రష్యా సామ్రాజ్యము నుండి వలస వచ్చిన యూదుడు. చిన్ననాడు విన్న జోలపాట నుండి ఈ బాణీని మలచినాడు. పల్లవికి రాగానే ఉల్లాసమునిచ్చు మేజర్ స్వరక్రమమునకు మారుట ఆనాటి రంగస్థల గీతముల వాడుక. ఈ పాట మాత్రము విషాదచ్ఛాయ గల మైనర్ స్వరక్రమమునే పట్టుకొని నడచును.

పాటలోని మనిషి చేయి చాచినవాడే గాని దీనుడు కాడు. రైలుమార్గము వేసినవాడు, ఆకాశము నంటు భవనము కట్టినవాడు, యుద్ధములో కవాతు చేసినవాడు. ఏరు దాటినవారు తెప్పను తగులబెట్టినట్లు, పని తీరగానే దేశము తనను ఏల మఱచినదో అతనికి బోధపడదు. అతని కంఠమున కోపము కన్న విస్మయమే ఎక్కువ. తుదకు ఎదుటివానిని పాత నేస్తముగ పలుకరించి, తనను గుర్తింపుమని అడుగును. అచ్చట యాచన కాస్త బాకీ అడుగుటగ మారిపోవును. ఈ పాటకు ప్రాణము అదియే.

ప్రదర్శన మూడు నెలలు నిండకముందే ముగిసినది. కాని ఆ అక్టోబరులోనే బింగ్ క్రాస్బీ, రూడీ వాలీ వేఱువేఱుగ పాడి రికార్డులిచ్చిరి. థియేటరు టిక్కెట్టు కొనలేని యింటికి సైతము గ్రామఫోను, రేడియో ఆ పాటను చేర్చినవి. 1950 దశకములో రాజకీయ కారణములచే హార్బర్గునకు హాలీవుడ్ తలుపులు మూసినది. పాటకు మాత్రము ఎవరును తలుపు మూయలేకపోయిరి. 1975లో జూడీ కాలిన్స్, 1999లో జార్జ్ మైకేల్ దానిని మరల పాడిరి.

నేడు పది సెంట్లకు కొనదగిన వస్తువు దాదాపు లేదు. నాణెము విలువ తఱిగినది గాని, కట్టిన చేతికి కూడేల కఱవగునన్న ప్రశ్న విలువ తఱుగలేదు. పాట ఆ ప్రశ్నకు సమాధానము చెప్పలేదు, వినువారికే విడిచిపెట్టినది. అందుచేతనే తరము మారినప్పుడెల్ల అది క్రొత్తగ వినబడుచున్నది.